పసిపిల్లలకు ఐరన్ చుక్కలు ఎలా వేయాలి? టీకాల రోజు ఆపాలా?

డాక్టర్ రాసిచ్చిన చుక్కల మందు, సూది లేని 1 మి.లీ. సిరంజి, ఒక పాత గుడ్డ ఉంటే చాలు. ఈ మందు మరక బట్టల మీద పడితే వదలదు. చేతులు కడుక్కుని మొదలుపెట్టండి.

1. కొలత

నిదానించాల్సింది ఇక్కడే. డాక్టర్ చెప్పేది మిల్లీగ్రాముల్లో, మనం సీసాలోంచి తీసేది మిల్లీలీటర్లలో. లేబుల్ మీద ‘ఎలిమెంటల్ ఐరన్’, అంటే మందులో ఉన్న అసలు ఐరన్, ఎంతో వెతకండి. ఫెర్రస్ సల్ఫేట్ లాంటి లవణం బరువు పక్కనే పెద్ద అంకెల్లో ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

డాక్టర్ 10 మి.గ్రా. రాశారనుకోండి. మి.లీ.కి 10 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 1 మి.లీ. తీయాలి. మి.లీ.కి 25 మి.గ్రా. ఉన్న చుక్కల మందు అయితే 0.4 మి.లీ. మాత్రమే. పాత సీసా అయిపోయి వేరే కంపెనీది తెచ్చి, అలవాటుగా అదే 1 మి.లీ. పోసేస్తారు. బిడ్డకు రెండున్నర రెట్లు వెళ్తుంది! పసివాళ్లకు ఐరన్ మోతాదు మించితే విషం, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సీసా మారిన ప్రతిసారీ లెక్క మళ్లీ వేసుకుని, ఫార్మసిస్టుకు సిరంజి మీద గీత చూపించి అడగండి. ఇంట్లో చెంచా మాత్రం వద్దే వద్దు. ఏ రెండు చెంచాల కొలతా ఒకటి కాదు.

2. వేయడం

ఉదయం పూట, పాలకూ పాలకూ మధ్య వేయాలి. బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదలండి. పాలసీసాలో కలపడం సులువే, కానీ పాలల్లో ఐరన్ సరిగా ఒంటబట్టదు. పైగా బిడ్డ సగం పాలు వదిలేస్తే మందు ఎంత వెళ్లిందో ఎవరికి తెలుసు? మలం నల్లబడితే టెన్షన్ పడకండి, అది మామూలే.

3. టీకాల రోజు

టీకా ఉందని చుక్కలు ఆపేస్తున్నారు. ఎందుకో నాకు అర్థం కాదు. టీకాకు స్పందించే రోగనిరోధక కణాలు వేగంగా పెరగాలంటే ఐరన్ కావాలి. కెన్యాలో పసిపిల్లల మీద జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో, తట్టు టీకా సమయంలో ఐరన్ అందిన పిల్లల్లో యాంటీబాడీలు మెరుగ్గా వచ్చాయి. రక్తహీనత ఉన్నవాళ్లలో డిఫ్తీరియా, కోరింత దగ్గు టీకాలకు స్పందన తగ్గింది.

అలాగని ముందురోజు మోతాదు పెంచకూడదు. ఒంట్లో ఐరన్ నిల్వలు పెరగడానికి వారాలు పడుతుంది. రక్తం తక్కువగా ఉందని టీకా వాయిదా వేయడం అంతకన్నా తప్పు. టీకా తర్వాత కాస్త ఒళ్లు వెచ్చబడినా చుక్కలు ఎప్పటిలాగే వేయండి. వాంతులు, ఎక్కువ జ్వరం ఉంటే డాక్టర్‌ని అడగండి.

సీసా పెద్ద పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. పొరపాటున ఎక్కువ తాగేస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి.