మరో దేశంలో నర్సుగా రిజిస్టర్ కావడానికి కాగితాలు ఏ వరసలో తెప్పించుకోవాలి

ఆఫర్ లెటర్ చేతికొచ్చినా, ఆ దేశపు నర్సింగ్ నియంత్రణ సంస్థ రిజిస్టర్‌లో పేరు ఎక్కనిదే వార్డులో నర్సుగా పనిచేయనివ్వరు. చదువు, అనుభవం అన్నీ ఉండి కూడా కాగితాలు వరస తప్పడం వల్ల నెలలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఆ నష్టం తప్పించుకోవచ్చు.

ముందు దేశం తేల్చుకోండి, పరీక్ష దాన్నిబట్టే ఉంటుంది. అమెరికాకు, కెనడాలో చాలా ప్రాంతాలకు ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో అక్కడి నియంత్రణ సంస్థ ఎన్ఎంసీ (నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్) రెండు అంచెల్లో పరీక్షిస్తుంది: మొదట కంప్యూటర్ మీద సీబీటీ, తర్వాత బ్రిటన్ వెళ్లి చేసి చూపించే ఆస్కీ. ఐరోపా సమాఖ్యలో 2005/36/ఈసీ డైరెక్టివ్ (సమాఖ్య ఉమ్మడి చట్టం) కింద ఒక సభ్యదేశంలో చదివిన నర్సుకు ఇంకో సభ్యదేశంలో దాదాపు నేరుగా గుర్తింపు దొరుకుతుంది. బయట చదివినవాళ్ల డిగ్రీని మాత్రం ఏ దేశానికాదేశమే విడిగా పరిశీలిస్తుంది. అన్ని దేశాలకూ ఒకే ఫైలు సరిపోతుందని ఏజెంటు చెబితే నమ్మకండి.

తర్వాత పేరు చూసుకోండి. పాస్‌పోర్టు, డిగ్రీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవ పత్రం నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా, పెళ్లి తర్వాత తీసిన మూడోదాంట్లో వేరే ఇంటిపేరు ఉంటే, పరిశీలించేవారికి అది ముగ్గురు మనుషుల ఫైలులా కనిపిస్తుంది. దరఖాస్తు పెట్టకముందే సరిచేయించుకోండి, లేదా పేరు మార్పుకు చట్టబద్ధమైన రుజువు జతచేయండి.

అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చేది కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే ఏమేం చదివారో వివరంగా చూపే పత్రం. అందుకే దాన్ని మొట్టమొదట అడగాలి. మార్కుల జాబితా ఒక్కటే చాలదు. మెడికల్, సర్జికల్, పిల్లలు, ప్రసూతి, మానసిక ఆరోగ్యం ఇలా ఒక్కో విభాగంలో థియరీ గంటలెన్ని, క్లినికల్ గంటలెన్ని అన్నది విడివిడిగా రాసి ఉండాలి. ఐరోపా సమాఖ్య ప్రమాణం కనీసం 4600 గంటలు. అందులో థియరీ మూడో వంతుకు, క్లినికల్ సగానికి తగ్గకూడదు. గంటలు విడదీయకుండా మొత్తం ఒకే అంకె వేసిస్తే మానసిక ఆరోగ్యం పోస్టింగ్ చేశారో లేదో తెలియదు. ఫైలు తిరిగొస్తుంది, లేదంటే ఆ లోటుకు అదనపు శిక్షణ చేయమంటారు. కాలేజీ మూతపడి ఉంటే యూనివర్సిటీని అడగండి.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. చాలా నియంత్రణ సంస్థలకు ట్రాన్స్‌క్రిప్ట్ మీ చేతిమీదుగా రాకూడదు. జారీ చేసిన చోటినుంచి నేరుగా రావాలి. దీన్నే ప్రైమరీ సోర్స్ వెరిఫికేషన్ అంటారు. సీలు వేసిన కవరును లోపల ఏముందో చూద్దామని విప్పారంటే అది ఇక పనికిరాదు. వెరిఫికేషన్ ఈమెయిల్‌కు కాలేజీలో జవాబివ్వాల్సిన క్లర్కు ఎవరో ముందే కనుక్కుని, ఫలానా వారినుంచి మెయిల్ వస్తుందని చెప్పి ఉంచండి. జవాబు రాకపోతే మీ ఫైలు అక్కడే ఆగుతుంది.

భాషా పరీక్ష ట్రాన్స్‌క్రిప్ట్ కదిలాక రాయండి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. ఎన్ఎంసీకి అందులో చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. జర్మనీకి సాధారణంగా జర్మన్ బీ2 స్థాయి అడుగుతారు.

గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ చిట్టచివర. మీపై క్రమశిక్షణ చర్యలు లేవని ఇప్పటి కౌన్సిల్ ఇచ్చే ఈ పత్రం చాలాచోట్ల మూడు నెలలే చెల్లుతుంది. ఉత్సాహంతో ముందే తీసుకుంటే ట్రాన్స్‌క్రిప్ట్ చేరేలోపు గడువు తీరి, మళ్లీ ఫీజు కట్టాల్సి వస్తుంది. పనిచేసిన ప్రతి దేశం నుంచీ ఇది విడిగా కావాల్సి రావచ్చు. దేశం వదిలేటప్పుడే అక్కడి రిజిస్ట్రేషన్ నంబరు, కౌన్సిల్ చిరునామా రాసి పెట్టుకోండి.