హోమర్ కావ్యాలలో ఆతిథ్య ఘట్టాలను చదివే పద్ధతి

ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాలైన ఇలియడ్, ఒడిస్సీలను తొలిసారి చదివేవారు, ఇంటికి అతిథి వచ్చిన ఘట్టం రాగానే మళ్ళీ అవే మర్యాదలు, అదే మాంసం, అదే ద్రాక్షసారా అనుకొని పుటలు తిప్పేస్తారు. దయచేసి అలా తిప్పవద్దు. గ్రీకులు క్సెనియా అని పిలిచిన అతిథి ధర్మానికి సాక్షాత్తు దేవతల రాజు జ్యూసే రక్షకుడు. ఎవరిది ధర్మపక్షమో, ఎవరికి చేటు కాలం దాపురించిందో ఆ ఘట్టాలే ముందుగా తెలియజేస్తాయి.

మొదట మర్యాదల వరుస గమనించాలి. ఒడిస్సీ మొదటి సర్గలో మారువేషంలో వచ్చిన ఎథీనా దేవత వాకిట్లో నిలబడి ఉండటం చూసి, యుద్ధం నుంచి ఇంకా ఇల్లు చేరని ఇథాకా రాజు ఒడిస్యూస్ కొడుకు టెలిమాకస్ అతిథిని అంతసేపు నిలబెట్టామే అని నొచ్చుకుంటాడు. ఎదురు వెళ్ళి, కుడిచేయి పట్టుకొని, ఆమె ఈటెను తాను అందుకొని, ముందు భోజనం చేయమని, వచ్చిన పని తరువాత చెప్పమని కోరతాడు. పరిచారిక బంగారు కూజాతో నీళ్ళు తెచ్చి, కింద వెండి పళ్ళెం పట్టి, చేతులు కడిగిస్తుంది. పేరు, ఊరు అడగడం ఆ తరువాతే. "ముందు కాళ్ళు కడుక్కోండి, భోంచేశాక మాట్లాడుకుందాం" అనే పెద్దల మధ్య పెరిగినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఈ వరుస తలకిందులైన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. తొమ్మిదో సర్గలో ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్, ఒడిస్యూస్, అతని మనుషులు కంటబడగానే మీరెవరని నిలదీస్తాడు. అన్నం పెట్టవలసినవాడు అతిథులనే తింటాడు.

తరువాత, ప్రతి కానుకా ఎవరి చేతి నుంచి వచ్చిందో చూడాలి. మన హైదరాబాదు ఫంక్షన్ హాళ్ళలో చదివింపులు రాసుకున్న నోట్‌బుక్ బీరువాలో భద్రంగా ఉండి, అవతలివారింట పెళ్ళి వచ్చిననాడు బయటికి వస్తుంది. హోమర్ లోకంలో ఆ లెక్కను వస్తువే మోస్తుంది. ఒడిస్సీలో స్పార్టా రాజు మెనిలాస్ తన ఇంటికి వచ్చిన అతిథికి గుర్రాలు ఇస్తానంటే, ఇథాకాలో వాటికి మేత మైదానాలు లేవని టెలిమాకస్ కాదంటాడు. మెనిలాస్ నొచ్చుకోకపోగా చిరునవ్వు నవ్వి, అంచులకు బంగారం తాపిన వెండి పాత్ర ఇస్తానంటాడు. అది దేవతల కమ్మరి హెఫెస్టస్ చేసినదనీ, తనకు సైడాన్ రాజు ఇచ్చినదనీ చెబుతాడు. ఇలియడ్ ఆరో సర్గలో, తాతల నాటి 20 రోజుల ఆతిథ్యం గుర్తుకొచ్చి, ట్రాయ్ యుద్ధంలో ఎదురెదురు పక్షాల వీరులు డయోమెడిస్, గ్లాకస్ యుద్ధభూమిలోనే ఆయుధాలు దించి కవచాలు మార్చుకుంటారు. 100 ఎద్దుల విలువైన బంగారు కవచానికి 9 ఎద్దుల విలువైన కంచు కవచం వచ్చిందని కవి గ్లాకస్‌ను తెలివితప్పినవాడంటాడు. నాకు మాత్రం ఆ బేరం కన్నా, తాతల స్నేహం మనవల ప్రాణాలు కాపాడటమే పెద్ద సంగతి.

పేదవాడి ఇంటిని తప్పక నెమ్మదిగా చదవండి. పద్నాలుగో సర్గలో పందుల కాపరి యుమెయస్, బిచ్చగాడి వేషంలో ఇల్లు చేరిన యజమాని ఒడిస్యూస్‌ను గుర్తించకుండానే, ఆకుకొమ్మలు పరచి వాటిపై దట్టమైన మేకతోలు వేసి కూర్చోబెడతాడు. ఆ తోలు అతను రోజూ పడుకునే పక్క.

ఆ వెంటనే ఇరవయ్యో సర్గకు వెళ్ళండి. అదే బిచ్చగాడి మీదికి, ఒడిస్యూస్ భార్యను పెళ్ళాడాలని ఆ ఇంట తిష్ఠ వేసినవారిలో ఒకడైన టెసిప్పస్, ఇదిగో అతిథి కానుక అంటూ ఎద్దు కాలు విసురుతాడు. ఇరవై రెండో సర్గలో పశువుల కాపరి ఫిలోటియస్ అతని రొమ్మున ఈటె దింపి, నువ్విచ్చిన ఆ కాలికి ఇది బదులు కానుక అంటాడు.