కడలి ఒడ్డున మడతల మంటపం – 3వ పాఠం: తాటాకు చెప్పే లెక్క

గట్టు మడత (పైకి లేచేది), పల్లం మడత (కిందికి దిగేది) వేయడం వచ్చేసింది కదా. కళింగపట్నం బీచ్‌లో తప్పెటగుళ్ళు అనే జానపద నృత్యం ఆడేందుకు మనం అనుకున్న మంటపానికి ఇప్పుడు పైకప్పు వేద్దాం.

ముందు ఒక తాటాకు తెచ్చుకోండి. శ్రీకాకుళం జిల్లాలో దానికి కరువు లేదు. ఆకు పలచనే, కానీ పుట్టుకతోనే మడతలు పడి ఉంటుంది కాబట్టి అంత వెడల్పున్నా వేలాడిపోదు. ఆ మడతలన్నీ మట్ట దగ్గర ఒకచోట బిగిసి ఉంటాయి. అసలు కిటుకు అక్కడే ఉంది.

ఇప్పుడు ఏ4 కాగితం. రెండు పుస్తకాలను 25 సెం.మీ. ఎడంగా పెట్టి, వాటి మీద కాగితాన్ని పరవండి. మధ్యలోంచి జారి కింద పడుతుంది. వెడల్పులో ఒక సెంటీమీటరు కత్తిరించేసి, మిగిలిన 20 సెం.మీ.కి పొడవు వెంట 2 సెం.మీ.కొక మడత వేయండి. ఈసారి నిలుస్తుంది. పైన పది రూపాయల బిళ్ళలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోండి. చివరికి కూలుతుంది, కానీ ఎలా కూలిందో చూడండి: కాగితం చిరగలేదు, మడతలు పక్కలకు విచ్చుకున్నాయి. రెండు కొసల్లోనూ అట్టముక్క అడ్డంగా అంటించి మళ్ళీ చేయండి. ఆ అట్టముక్కే మన తాటిమట్ట.

మడత వాలు ఎంత ఉండాలి? 45 డిగ్రీలైతే 20 సెం.మీ. కాగితం 14 సెం.మీ. మేర కప్పుతుంది, మడత లోతు 1.4 వస్తుంది. 60 డిగ్రీలైతే లోతు 1.7కి పెరుగుతుంది గానీ కప్పేది 10 సెం.మీ. మాత్రమే. నా ఓటు 45కే. సెంటీమీటరును అర మీటరుగా లెక్కిస్తే మన కాగితం 7 మీటర్ల వెడల్పు. గుండ్రంగా తిరుగుతూ ఎగిరే దళానికి అది ఇరుకు, రెండు కాగితాలు కలపాల్సిందే. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడే ఘట్టం కూడా ఉంటుంది కాబట్టి మధ్యలో 6 మీటర్ల ఎత్తుకు తగ్గించను.

వాన నీటికి దిగులు లేదు, పల్లం మడతలే కాలువలు. ఒక వైపుకి కాస్త వాలు ఇస్తే చాలు.

దిగులంతా గాలితోనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను ఏం చేసిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కట్టడాలు ఎంత భారం తట్టుకోవాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. మనమూ దాన్నే పట్టుకుందాం. వేగాన్ని వేగంతో గుణించి, 0.6తో (గాలి సాంద్రతలో సగం) హెచ్చిస్తే గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే 150 కిలోల పైమాటే. పలచటి రేకు కప్పు బరువు ఇందులో పదో వంతు కూడా ఉండదు. అంటే స్తంభాలు కప్పును మోయడం కన్నా, ఎగిరిపోకుండా కిందికి పట్టి ఉంచడమే పెద్ద పని. స్తంభాలను నేను బయటికి వాల్చి వేయమనేది అందుకే.

ఇంటిపని: అగ్గిపుల్లల స్తంభాలతో బొమ్మ చేసి, ఇసుక పళ్ళెంలో గుచ్చి, టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టండి. నాది రెండుసార్లు ఎగిరి మంచం కిందికి పోయింది. మీది ఏ మూల ముందు లేచిందో గుర్తు పెట్టి ఉంచండి. పునాది పాఠం ఆ మూల నుంచే మొదలుపెడదాం.