ఐదొందల ఏళ్ల తర్వాత చదివేవాళ్లకు మన వీధి పెట్టె: ఏం రాయాలి, ఎలా మూయాలి, ఎక్కడ దాచాలి

తిరుమల, తిరుపతి, తిరుచానూరు గుళ్ల గోడల మీద కలిపి వెయ్యికి పైగా శాసనాలున్నాయి. వాటిని చదివేవాళ్లు రాజుగారి బిరుదుల వరుసను గబగబా దాటేసి, ఆ తర్వాత వచ్చే లెక్క దగ్గర ఆగుతారు. ఎవరు ఎంత ఇచ్చారు, నైవేద్యానికి ఎంత బియ్యం, ఎంత నెయ్యి, ఎంత పెసరపప్పు, ప్రసాదంలో దాత వాటా ఎంత అని చూస్తారు. ఆ కాలపు మనుషులు ఎలా బతికారో దొరికేది అక్కడే. మన తర్వాతివాళ్లు మనల్నీ అలాగే చదువుతారు. వీధి తరఫునో బడి తరఫునో టైమ్ క్యాప్సూల్, అంటే తర్వాతి తరాలు తెరిచి చదవడానికి మూసి దాచే పెట్టె, పెట్టాలనుకునేవాళ్లు పెట్టె కొనేముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

1973లో ఢిల్లీ ఎర్రకోట దగ్గర ప్రభుత్వం పాతిన ఇలాంటి పెట్టెను, కాలపత్రాన్ని, 1977లో ప్రభుత్వం మారగానే తవ్వి తీశారు. అందులో రాసిన చరిత్ర ఒక పక్షానిదని గొడవ. వీధి కమిటీ మారినా ఇదే జరుగుతుంది. కాబట్టి దండలేసిన ఫొటోలూ సన్మాన పత్రాలూ లోపలికి వద్దు.

పెట్టె

304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, 2 మిల్లీమీటర్ల రేకు, 10 లీటర్లు పట్టే గుండ్రటి డబ్బా. 316 గ్రేడు దొరికితే ఇంకా మేలు. చదరపు పెట్టెకు మూలల్లో వెల్డింగు ఎక్కువ, లీకయ్యేది కూడా అక్కడే. వెల్డింగు పక్కన మిగిలే నీలం మచ్చను పికిలింగ్ పేస్టుతో (స్టీలును శుభ్రం చేసే ఆమ్లపు పేస్టు) తీయించండి, లేకపోతే తుప్పు ఆ మచ్చ దగ్గరే మొదలవుతుంది. మూతకు అంచు, 8 బోల్టులు, మధ్యలో సందు మూసే టెఫ్లాన్ పట్టీ (గాస్కెట్) పెట్టించండి. సిలికాన్ గాస్కెట్ మెత్తగా చక్కగా కూర్చుంటుంది కానీ దాని గుండా నీటి ఆవిరి నెమ్మదిగా లోపలికి పోతుంది. పీవీసీ పైపుకు రెండు వైపులా మూతలు బిగించడం చవక మార్గం, చాలామంది చేసేదీ అదే. పీవీసీ పాతబడే కొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, కాగితం పాడవుతుంది.

లీకు పరీక్ష తేలిక. ఖాళీ డబ్బాకు మూత బిగించి వేడినీళ్ల గంగాళంలో ముంచండి. లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, సందు ఉన్నచోట బుడగలు వస్తాయి. బోల్టుల్ని వరుసగా కాకుండా ఎదురెదురుగా ఉన్నవాటిని జంటలుగా, మూడు విడతల్లో బిగించాలి. ఒక్కసారే బిగిస్తే మూత ఒక పక్కకు ఒరుగుతుంది.

ఏం రాయాలి

అసలు పని ఇదే, దీనికి కనీసం నెల రోజులు పెట్టుకోండి.

మొదటిది ఒక ఇంటి నెల లెక్క. పాలు, గ్యాసు, కరెంటు బిల్లు, నీళ్ల ట్యాంకరు, ఆటో, బడి ఫీజు, ఫోను రీచార్జి. రూపాయి విలువ వాళ్లకు తెలియదు. అందుకని ప్రతి ధర పక్కన అది ఒక మేస్త్రీకి, ఒక కూలీకి ఎన్ని గంటల పనో రాయండి. మదనపల్లె మార్కెట్లో టమాటాకు ఆ ఏడు పలికిన అతి తక్కువ ధర, అతి ఎక్కువ ధర రెండూ ఇవ్వండి. సగటు ఒక్కటే ఇస్తే రైతు పంటను రోడ్డు పక్కన ఎందుకు పారబోస్తాడో ఎవరికీ అర్థం కాదు.

రెండోది నీళ్లు. వీధిలో ఎవరి బోరు ఎన్ని అడుగులకు పడింది, ఏ సంవత్సరంలో వేశారు, ఎన్ని ఎండాయి. చిత్తూరు పల్లెల్లో ఈ ఒక్క పట్టిక చాలు, మన గురించి సగం చెబుతుంది.

మూడోది మనకు వింతగా అనిపించనివి. ఇంట్లో చివరగా తినేదెవరు? కాలవలు శుభ్రం చేసేదెవరు, వాళ్ల కూలి ఎంత? అద్దెకిచ్చేముందు కులం అడిగే ఇళ్లు ఎన్ని? చెత్తలో ప్లాస్టిక్ ఎంత? చివరిదానికి వారం పాటు ఒకే ఇంటి చెత్తను తూకం వేయండి. కేజీల్లో రాస్తే సరిపోదు, లీటరు నీళ్ల బరువు కేజీ అని పక్కన చెప్పాలి. ఇవి రాయడానికి సిగ్గేస్తుంది. పట్టు బట్టలతో గ్రూపు ఫొటో పెట్టడం తేలిక, అందుకే అన్ని పెట్టెల్లోనూ అదే ఉంటుంది.

ఇక మన తిరుపతి గుడి ఊరు కాబట్టి: 300 రూపాయల దర్శనం అంటే ఏమిటి, క్యూ అంటే ఏమిటి, తలనీలాలు ఎందుకిస్తారు, ఆ వెంట్రుకలు తర్వాత ఎక్కడికి పోతాయి. దేవుడి గురించి రాసినవి వాళ్లకు వేరేచోట దొరుకుతాయి. వరుసలో గంటలకొద్దీ కూర్చున్నవాళ్లు పిల్లల్ని ఎలా ఊరుకోబెట్టారో దొరకదు.

రాసింది పదేళ్ల పిల్లాడికి ఇవ్వండి. వాడు ‘ఇదేంటి’ అన్న ప్రతి మాటకూ ఒక వాక్యం వివరణ చేర్చండి.

తేదీ మూడు రకాలుగా వేయాలి. 2026 ఉగాదికీ 2027 ఉగాదికీ మధ్య మూస్తే ఆ ఇంగ్లీషు సంవత్సరం, శాలివాహన శకం 1948, పరాభవ నామ సంవత్సరం అని, తిథి, వారంతో సహా. పరాభవ ఒక్కటే రాస్తే చాలదు, ఆ పేరు అరవై ఏళ్లకోసారి మళ్లీ వస్తుంది.

కాగితం, సిరా

ఆమ్లం లేని కాగితం, చదరపు మీటరుకు 100 గ్రాములు తూగేది, అంటే 100 జీఎస్‌ఎమ్. నల్ల లేజర్ ప్రింటు, లేదా పెన్సిల్. రెండింటి నలుపూ కర్బనమే, వెలిసిపోదు. మామూలు బాల్‌పెన్ సిరా వెలుస్తుంది. బస్సు టికెట్టు, ఏటీఎం స్లిప్పు, చాలా రసీదులు థర్మల్ కాగితం, అంటే సిరా లేకుండా వేడితో అచ్చు పడేది. అవి కొన్నేళ్లకే తెల్లబోతాయి, జిరాక్స్ తీసి నకలే పెట్టండి. న్యూస్‌పేపరూ అంతే. అందులోని లిగ్నిన్ (కలప నుంచి వచ్చే పదార్థం) పసుపెక్కి, పక్కనున్న కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, సెలోటేపు, లామినేషన్ ఏవీ వద్దు. కట్టడానికి ఉతికిన తెల్ల నూలు నాడా.

లడ్డూ పెట్టాలని ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. నెయ్యి కంపు కొడుతుంది, ఆ ఆవిరి మిగతావన్నీ చెడగొడుతుంది. బరువు, ధర, అందులో ఏమేం పడతాయో రాస్తే చాలు. శ్రీకాళహస్తి కలంకారీ ముక్క పెట్టొచ్చు, కానీ విడిగా చుట్టి. అందులోని నలుపు ఇనుము, బెల్లం పులియబెట్టి చేసింది, కాలం గడిచేకొద్దీ ఆ గీతల దగ్గరే బట్ట చివికిపోతుంది. నూలు బట్టకు గంజి ఉండకూడదు, అది పురుగుకు పిలుపు. ఫోను పెడితే బ్యాటరీ తీసేయాలి.

పెన్‌డ్రైవు సంగతి రెండు ముక్కల్లో: అందులోని సమాచారం విద్యుదావేశంగా నిలుస్తుంది, అది మెల్లగా కారిపోతుంది. అచ్చు వేయనిది పోయినట్టే లెక్క.

రాగిరేకు

అన్నమయ్య పాటలు మనదాకా వచ్చింది రాగిరేకుల మీద. రెండు వేలకు పైగా రేకులు గుడిలో అరలో పడి ఉండి 20వ శతాబ్దం మొదట్లో వెలుగులోకి వచ్చాయి. కాగితం ఎంత జాగ్రత్తగా మూసినా ఐదొందల ఏళ్లకు గ్యారంటీ లేదు కాబట్టి ముఖ్యమైన పది వాక్యాలు లోహం మీద ఉండాలి. 1 మిల్లీమీటరు మందం రాగిరేకు తీసుకుని, గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి. చుక్కలు లోతుగా పడాలి, అక్షరం సెంటీమీటరు ఎత్తుకు తగ్గకూడదు. ఒక అంచున కచ్చితంగా 10 సెంటీమీటర్ల గీత గీయించండి, మన కొలతలన్నీ దాన్నిబట్టి తెలుస్తాయి.

అదే విషయం తెలుగు, తమిళం, ఇంగ్లీషులో పక్కపక్కన ఉండాలి. తిరుమల శాసనాల్లోనూ ఎక్కువ తమిళం, కొన్ని తెలుగు, కన్నడం. లిపి మారిపోతుంది. కడప జిల్లా కలమళ్లలోని క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనాన్ని ఈరోజు తెలుగు బాగా వచ్చినవాళ్లు కూడా చూసి చదవలేరు. అందుకే బొమ్మలతో ఒక అక్షరమాల కూడా.

మూయడం, దాచడం

ఫిబ్రవరి, మార్చిలో మూయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, అప్పుడు మూస్తే ఆ తేమనే లోపల బంధించినట్టు. కాగితాల్ని ముందు వారం రోజులు ఏసీ గదిలో పరిచి ఉంచండి. తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు 100 గ్రాములు, 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్లో ఆరబెట్టి, నూలు సంచిలో కట్టి వేయండి. ఇంకా ఎక్కువ వేస్తే కాగితం పెళుసవుతుంది.

పాతకండి. అమెరికాలోని టల్సాలో 1957లో పాతిన కారును 2007లో తీస్తే గుంట నిండా నీళ్లు, కారంతా తుప్పు. తిరుపతిలో 2021 నవంబరు వరదలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి అంతస్తులో, బాత్‌రూమ్ పక్కది కాని గోడలో గూడు కట్టించి, ముందు నల్లరాతి పలక బిగించండి. సంగతి కమిటీ పుస్తకంలో, బడి రికార్డులో, ఇంకో ఊళ్లో ఉన్న ఒకరి దగ్గర రాసి పెట్టండి. ఇలాంటి పెట్టెలు ఎక్కువగా పోయేది చోటు మరిచిపోవడం వల్ల.

పలక మీద తెరవాల్సిన సంవత్సరం, లోపలివాటి జాబితా చెక్కించండి. గుప్తనిధుల కోసం గుళ్లే తవ్వే ప్రాంతం మనది. అందుకని పై వరుసలోనే, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో: ‘లోపల బంగారం లేదు, డబ్బు లేదు. కాగితాలు, ఒక రాగిరేకు.’