ప్రచార ఫొటోలకు వెళ్లే ముందు చూసుకోవలసినవి

పింఛన్ల పంపిణీ, వైద్య శిబిరం, ఇళ్ల పట్టాలు... దేనికి వెళ్తున్నా కెమెరా సంచి సర్దేటప్పుడే ఇవి గుర్తుపెట్టుకోండి.

• ముందు అడగండి, తర్వాతే తీయండి. "అవ్వా, ఈ ఫొటో ఫేస్‌బుక్‌లో పెడతారు, బస్టాండు దగ్గర ఫ్లెక్సీలోనూ వేస్తారు, ఇష్టమేనా?" అని ఎక్కడ వాడతారో కూడా చెప్పాలి. చేతిలో డబ్బు పెడుతూ అడిగితే ఎవరైనా కాదంటారా? అందుకే పింఛను అందాక పక్కకు పిలిచి అడగండి. వద్దన్నా పింఛను ఆగదని నోరు తెరిచి చెప్పండి. ఒకసారి ఒకావిడ తల ఊపిందని తీసేశాను. ఫ్లెక్సీ చూసి ఆమె కొడుకు గొడవకొచ్చాడు. తల ఊపడం ఒప్పుకోవడం కాదని అప్పుడు తెలిసింది.

• అనుమతి ఫారం తెలుగులో ఉండాలి. నగరి, కుప్పం వైపు వెళ్తే తమిళంలోనూ పెట్టుకోండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోండి.

• 18 ఏళ్లలోపు వాళ్లయితే అమ్మానాన్నల అనుమతి. బాలల సంరక్షణ గృహాల్లో పిల్లల ముఖాలు, పేర్లు అసలు బయటపెట్టకూడదు. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది నేరం.

• ఆధార్, పాస్‌బుక్, కేస్ షీటు ఫ్రేములో పడకుండా చూడండి.

• అలిపిరి మెట్ల మీద గుంపును దూరం నుంచి తీస్తే సరే. ఒక్కరి ముఖం దగ్గరికి లాగితే మాత్రం అడగాల్సిందే.

• ఫారంలో ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. పోస్టు తీసేయడం నిమిషం పని. ఫ్లెక్సీకైతే నిచ్చెన కావాలి.