రాత్రి కలిపి పొద్దున్న బేక్ చేసే బెల్లం బ్రెడ్

విజయనగరంలో సిరిమాను పండక్కి ఇంటినిండా చుట్టాలుంటే పొద్దున్నే టిఫిన్ టెన్షన్ మామూలుగా ఉండదు కాబట్టి, ఇది ముందురోజు రాత్రే కలిపి పెట్టేసుకోండి. నిన్నటి బ్రెడ్ 8 స్లైసులు ముక్కలు చేసి నెయ్యి రాసిన గిన్నెలో పరిచెయ్యండి, తాజాది అయితే ముద్దయిపోతుంది. 150 గ్రాముల బెల్లం కాసిన్ని నీళ్లలో కరిగించి వడకట్టి, పూర్తిగా చల్లారాకే కాచి చల్లార్చిన అర లీటరు పాలు, 3 గుడ్లు, యాలకుల పొడి వేసి గిలక్కొట్టాలి. వేడిమీద కలిపారా, పాలు విరుగుతాయి, గుడ్లు ఉడికిపోతాయి. బ్రెడ్ మీద పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున్న పైన పలాస జీడిపప్పు చల్లి (బద్దలు చాలు, గుండ్లు దండగ) 180 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 40 నిమిషాలు. గాజు గిన్నె అయితే చల్లదనం తగ్గాకే పెట్టండి, లేకపోతే పగలొచ్చు. మధ్యలో చాకు గుచ్చితే పచ్చిగా అంటకూడదు.