బండికి రెండో బ్యాటరీ – మూడో పాఠం: కేబుల్, ఫ్యూజు, ఎర్త్

బండి వెనక లైట్ల కోసం విడిగా పెట్టే బ్యాటరీ ఇది. మొదటి పాఠంలో లోడు లెక్క వేశాం. 80 వాట్ల లైట్లు దాదాపు 7 ఆంపియర్లు లాగుతాయి. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో సగమే వాడుకుంటే ఏడు గంటలు వెలుగుతాయి. రెండో పాఠంలో రిలే చూశాం. ఇంజిన్ నడిచి వోల్టేజీ 13.3 దగ్గరికి చేరితే అది రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. రాత్రంతా లైట్లు వాడినా పొద్దున సెల్ఫ్ అందుకునేది దాని వల్లే. ఇవాళ స్పానర్ పట్టుకునే పని.

ఈ పాఠాలు 12 వోల్టుల పికప్‌లకు, చిన్న ట్రక్కులకు మాత్రమే. పెద్ద లారీలో రెండు బ్యాటరీలు కనిపిస్తాయి గానీ, అవి సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కు, కలిసి 24 వోల్టులు ఇస్తాయి. వాటిలో ఒకదాని నుంచే 12 వోల్టులు తీసుకుని లైట్లు పెడితే అది దిగిపోతూ ఉంటుంది, రెండోది అతిగా ఛార్జ్ అవుతూ ఉంటుంది. చివరికి రెండూ పాడవుతాయి. లారీకి 24ను 12గా మార్చే కన్వర్టరే సరైన దారి.

ఇక కేబుల్. ఎక్కువమంది డబ్బు మిగుల్చుకోవాలని చూసేది ఇక్కడే. బానెట్ కింది బ్యాటరీ నుంచి వెనక బాడీ కింద పెట్టే బ్యాటరీ దాకా 5 మీటర్లు పడుతుందనుకోండి. దిగిపోయిన బ్యాటరీ ఛార్జింగ్ మొదట్లో 40 ఆంపియర్లు లాగిందనుకోండి. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే దారిలోనే సుమారు 0.65 వోల్టు పోతుంది. ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ 14.2 ఇస్తున్నా వెనక్కి చేరేది 13.5 చిల్లర. అదే 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే పోయేది 0.15 వోల్టే. బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తగ్గి ఈ నష్టమూ తగ్గుతుంది, నిజమే. కానీ ఊళ్లో తిరిగే బండికి అన్ని గంటల పరుగు ఎక్కడిది? బ్యాటరీ ఏ రోజూ పూర్తిగా నిండదు. అలా సగం ఛార్జ్‌తోనే నడిస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, కొత్తదైనా త్వరగా చచ్చిపోతుంది. అప్పుడు అందరూ బ్యాటరీనే తిట్టుకుంటారు, తీగను అనుమానించరు. దయచేసి 25కే వెళ్లండి.

కొనేటప్పుడు తెగిన చివరను బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా తేలితే అల్యూమినియం మీద రాగి పూత, వద్దు. బండి అదురుకు తట్టుకోవాలంటే సన్నపోగుల మెత్తని కేబుల్ కావాలి. రాగి వెల్డింగ్ కేబుల్ బాగా పనికొస్తుంది. కేబుల్ చివర బోల్టుకు బిగించే లగ్గులను సుత్తితో కొట్టకండి, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి.

ఫ్యూజు రెండు కావాలి. ఒకటి చాలదా అంటారు. చాలదు. ఆ కేబుల్‌కు రెండు చివర్లా బ్యాటరీ ఉంది. మధ్యలో ఎక్కడ తొడుగు ఊడి ఛాసిస్‌కు తగిలినా రెండు వైపుల నుంచీ కరెంటు దూసుకొస్తుంది. ఫ్యూజు కాపాడేది బ్యాటరీని కాదు, తీగను. తీగ ఎర్రబడి బండి అంటుకోకుండా చూడడమే దాని పని. కాబట్టి ప్రతి బ్యాటరీ ప్లస్‌కు జానెడు లోపు ఒక్కో 80 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. రిలే సామర్థ్యం అంతకంటే తక్కువైతే ఫ్యూజునూ తగ్గించాలి. పోయిన ఫ్యూజు చోట తీగముక్క చుట్టడం మాత్రం ఎప్పటికీ చేయకండి.

పని మొదలుపెట్టే ముందు బండి బ్యాటరీ మైనస్ విప్పండి. కేబుల్‌ను సైలెన్సర్‌కు, డీజిల్ పైపుకు, కమాన్ పట్టీలకు దూరంగా తీసుకెళ్లండి. రేకు రంధ్రంలోంచి దూరే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి. ఫ్యూజులు అన్నిటికంటే చివర.

వెనక బ్యాటరీ మైనస్‌ను ఛాసిస్‌కు కలిపే ఎర్త్‌కూ అదే మందం కేబుల్ వాడండి. ఛాసిస్ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించి, పైన గ్రీజు పూయండి. కొన్ని బీఎస్-6 బండ్లలో బండి బ్యాటరీ మైనస్ మీద కరెంటును కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. మీ ఎర్త్ ఏదీ ఆ టెర్మినల్ మీదకు రాకూడదు, ఛాసిస్‌కే వెళ్లాలి. సెన్సర్ ఉన్న బండ్లలో కొన్నింటికి ఆల్టర్నేటర్ తన వోల్టేజీని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు రిలే మాటిమాటికీ విడిపోతుంది. వాటికి తగ్గిన వోల్టేజీని పెంచి బ్యాటరీని నింపే డీసీ–డీసీ ఛార్జర్ కావాలి, అది నాలుగో పాఠం. అలాంటి బండి మీదైతే రిలే కొనకుండా అప్పటిదాకా ఆగండి.

అన్నీ బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసి, వెనక లైట్లన్నీ వేసి, పది నిమిషాల తర్వాత మల్టీమీటర్‌తో రెండు బ్యాటరీల వోల్టేజీ విడివిడిగా కొలవండి. తేడా 0.3 లోపు ఉంటే సరే. ఎక్కువుంటే ఇంజిన్ ఆపి, లైట్లు ఆర్పి, ఒక్కో లగ్గునూ జాగ్రత్తగా తాకి చూడండి. వేడెక్కిన జాయింటే వదులుగా ఉన్నది. రెండు రీడింగులూ రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటితోనే మొదలుపెడదాం.